స్పీడ్‌లో ఆపాక టికెట్టా, వార్నింగా? పోలీసు ఎలా తేల్చుకుంటాడు?

#1 గోదారోడు_డాలస్

అందరికీ నమస్కారం. తొమ్మిదేళ్లుగా టెక్సాస్‌లో కారు నడుపుతున్నాను. మొన్న శనివారం దాకా ఒక్క టికెట్ కూడా లేదు. డాలస్‌కు ఉత్తరంగా గంట దూరంలో ఒక చిన్న ఊరి దగ్గర ఆపారు. లిమిట్ గంటకు 60 మైళ్లు, నా స్పీడు 74. ఆఫీసరు లైసెన్సు, ఇన్సూరెన్సు కాగితం తీసుకుని తన కారులోకి వెళ్లాడు. ఎనిమిది నిమిషాల తర్వాత వచ్చి సంతకం పెట్టమన్నాడు. మర్యాదగానే మాట్లాడాడు, కాదనను.

మా తోడల్లుడిని మూడు వారాల కింద సరిగ్గా అదే రోడ్డు మీద ఆపారు. అతని స్పీడు 77. నాకంటే మూడు ఎక్కువ. అతనికి వార్నింగ్ కాగితం ఇచ్చి "జాగ్రత్తగా వెళ్లండి" అని పంపించేశారు. ఆ సంగతి తెలిసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. డబ్బు గురించి కాదు. ఒకే రోడ్డు, ఒకే ఊరు, ఒకే తప్పు. ఇద్దరికీ వేరే వేరే తీర్పు ఎందుకు? లోపల ఏం చూసి తేల్చుకుంటారో తెలిసినవాళ్లు చెప్పండి.

#2 ప్లేనో_పద్మ

ముందు కాగితం మీద కోర్టు తేదీ చూసుకోండి తమ్ముడూ. ఆ తేదీ దాటనివ్వొద్దు, మిగతావన్నీ తర్వాత. సంతకం పెట్టినందుకు బాధపడకండి. అది తప్పు ఒప్పుకున్నట్టు కాదు, కోర్టుకు హాజరవుతానని మాట ఇచ్చినట్టు. స్పీడ్ కేసులో ఆ మాట ఇస్తే టెక్సాస్‌లో ఆఫీసరు అరెస్టు చేయకుండా వదిలేయాలి. "నేను తప్పు చేయలేదు, సంతకం పెట్టను" అని మొండికేసినవాళ్లే స్టేషన్ దాకా వెళ్తారు.

మిమ్మల్ని ఆపిన చోటు ఎలాంటిది? రోడ్డు పని జరుగుతోందా? అడిగినదానికి మీరేమన్నారు? ఈ రెండూ చెప్పండి.

#3 గోదారోడు_డాలస్

పద్మక్కా, రోడ్డు పని లేదు. లిమిట్ 70 నుంచి 60కి పడిపోయే చోటు. బోర్డు దాటాక ఒక చిన్న ఎత్తు ఉంటుంది. దాని అవతల చెట్ల పక్కన కారు పెట్టుకున్నాడు.

"ఎందుకు ఆపానో తెలుసా" అని అడిగాడు. "తెలియదు" అన్నాను. 74 అని చెప్పాడు. "అందరూ అంతే స్పీడ్‌లో వెళ్తున్నారు కదా ఆఫీసర్" అన్నాను. మళ్లీ ఒక్క మాట మాట్లాడలేదు. తోడల్లుడినీ అడిగాను. అతను "సారీ, బోర్డు మారింది చూసుకోలేదు" అన్నాడట.

#4 అకాడమీ_బ్యాచ్

నేను మా ఊరి పోలీసులు నడిపే సిటిజన్ పోలీస్ అకాడమీలో చేరాను. వారానికి ఒక సాయంత్రం మామూలు జనానికి పాఠాలు చెప్తారు, చివర్లో ఒక షిఫ్టు పోలీసు కారులో పక్క సీట్లో కూర్చోబెట్టి తిప్పుతారు. మీ ప్రశ్నకు నాకు జవాబు దొరికింది ఆ ఒక్క రాత్రే. అందుకే వివరంగా రాస్తున్నాను.

నేను వెళ్లిన ఆఫీసరు ఆవిడ. పన్నెండేళ్ల సర్వీసు. షిఫ్టు మొదట్లో ట్యూనింగ్ ఫోర్క్ తీసి చిన్నగా కొట్టి రాడార్ ముందు పట్టుకుంది. ఫోర్క్ మీద చెక్కిన అంకె, తెర మీద వచ్చిన అంకె ఒకటేనా అని చూసి రాసుకుంది. రేపు కోర్టులో ఎవరైనా "మీ మెషిన్ సరిగ్గా లేదు" అంటే చూపించాలి కదా. తర్వాత 35 లిమిట్ ఉన్న రోడ్డు మీద నిలబడ్డాం. ఎదురుగా కారు వస్తుంటే రాడార్‌లోంచి సన్నగా కూత వస్తుంది. కారు స్పీడు పెరిగేకొద్దీ ఆ కూత పైకి వెళ్తుంది. గంట గడిచేసరికి ఆవిడ తెర చూడకుండా కూత విని చెప్పేస్తోంది: "ఇది నలభై." చూస్తే నలభై ఒకటి.

ఆ రాత్రి స్పీడుకు నాలుగు కార్లు ఆపింది.

మొదటిది మినీవ్యాన్, 48. వెనక సీట్లో ఫుట్‌బాల్ యూనిఫాంలో ముగ్గురు పిల్లలు. ఆ తల్లి అద్దం దించుతూనే "ఎంత వెళ్తున్నానో చూసుకోలేదు, తప్పు నాదే" అంది. కంప్యూటర్‌లో ఏమీ లేదు. వార్నింగ్. మొత్తం నాలుగు నిమిషాలు.

రెండోది పికప్ ట్రక్కు, 51. రాస్తుందనుకున్నాను. తీరా ఇన్సూరెన్సు అయిపోయి రెండు నెలలైందని రాష్ట్రం డేటాబేస్‌లో కనిపించింది. దానికి టికెట్ రాసి, స్పీడును వార్నింగ్ కింద పెట్టింది. "రెండూ రాస్తే అతను రెండూ కట్టడు. ఒకటి రాస్తే ఇన్సూరెన్సు తీసుకుంటాడు" అంది నాతో.

మూడోది మనవాడు. నలభై ఏళ్లుంటాయి. డాష్‌బోర్డు మీద చిన్న వెంకటేశ్వరస్వామి బొమ్మ. 47 వెళ్తున్నాడు, మొదటి ఆవిడకంటే ఒకటి తక్కువ. చాలా మర్యాదగా మాట్లాడాడు, "సార్, మేడమ్" అన్నాడు. ఆవిడ కారులోకి వచ్చి లైసెన్సు నంబరు కొట్టగానే రెండు నెలల కింద అదే వీధిలో ఇదే డిపార్ట్‌మెంటు ఇచ్చిన వార్నింగ్ తెర మీదకొచ్చింది. ఆవిడ తెర వైపు వేలు చూపించి, ఏమీ మాట్లాడకుండా టికెట్ మొదలుపెట్టింది. అతను సంతకం పెడుతూ పోలీసు కారు పక్క సీట్లో నన్ను చూశాడు. ఆ చూపు నాకు ఇంకా గుర్తుంది. నేనేదో చెప్పి వదిలించి ఉండొచ్చని అనుకున్నాడేమో.

నాలుగోది రాత్రి పదకొండు దాటాక, 45 రోడ్డు మీద 66. కారు దిగకముందే "దీనికి రాస్తున్నాను" అంది. లోపల ఎవరున్నారో అప్పటికి ఆవిడకు తెలియదు.

ఇంటికి వెళ్లేముందు మీ ప్రశ్నే అడిగాను. లిమిట్ మీద పది దాకా తను అసలు ఆపదట. పది నుంచి పదిహేను మధ్య మాట్లాడి చూస్తుంది. పదిహేను దాటితే వార్నింగ్ ఇవ్వడానికి ఏదో ఒక కారణం కనపడాలి. ఇరవై దాటితే ఇక ఆలోచనే లేదు. బడి దగ్గర, రోడ్డు పని దగ్గర ఈ లెక్కలేవీ పని చేయవు. ఇది ఆవిడ లెక్క. పక్క కారులో ఉన్న ఆఫీసరుకు ఇంకో లెక్క ఉంటుందని కూడా ఆవిడే చెప్పింది.

కాబట్టి ఆవిడ లెక్కలో మీ 14 "మాట్లాడి చూసే" చోట ఉంది, మీ తోడల్లుడి 17 "కారణం కనపడాలి" అన్న చోట ఉంది. రెండూ ఎటైనా తేలగలిగేవే. ఆపింది ఇద్దరు వేరే ఆఫీసర్లు అయితే ఇంకేమీ వెతకక్కర్లేదు. ఒకరే అయితే, "అందరూ అంతే వెళ్తున్నారు" అన్న మాట దగ్గర ఆగి ఆలోచించండి. మీ ఉద్దేశం అది కాకపోవచ్చు. అటువైపు వినేవాడికి మాత్రం "రేపు కూడా ఇలాగే వెళ్తాను" అన్నట్టు వినిపిస్తుంది.

#5 రిటైర్డ్_ఎస్సై_కృష్ణా

అమ్మా, చాలా బాగా రాశారు. నేను ఆంధ్రాలో ఎస్సైగా రిటైరై, ఇప్పుడు మా అమ్మాయి దగ్గరకు వచ్చి ఫ్రిస్కోలో ఉంటున్నాను. మా రోజుల సంగతి కూడా చెప్తాను, పనికొస్తుంది.

స్పీడ్ గన్ కొత్తగా వచ్చిన రోజుల్లో విజయవాడ, ఏలూరు మధ్య జాతీయ రహదారి మీద డ్యూటీ వేసేవారు. ఇద్దరం గన్ దగ్గర, నలుగురు ఒక అర కిలోమీటరు ముందు బారికేడ్ దగ్గర. గన్‌ను నంబరు ప్లేటు మీద పెట్టి మీట నొక్కితే బీప్ వస్తుంది. వెంటనే వాకీటాకీలో "తెల్ల ఇన్నోవా, తొంభై ఎనిమిది" అని చెప్పాలి. అక్కడ కానిస్టేబుల్ చెయ్యి అడ్డం పెడతాడు. ఎండాకాలం గన్ కాలిపోయేది, తడి తువ్వాలు చుట్టి పట్టుకునేవాళ్లం.

అంకె చెప్పేవాడు ఒకచోట, మనిషి ముఖం చూసేవాడు ఇంకోచోట. అంకె చెప్పినవాడికి ముఖం తెలియదు. ముఖం చూసినవాడికి మాత్రం వదలాలా వద్దా అన్న ప్రశ్న వస్తుంది. కాన్పు నొప్పులతో ఉన్న అమ్మాయి కారులో ఉంటే చలానా మాట అటుంచి, ముందు మోటార్ సైకిల్ పంపి దారి చేయించేవాళ్లం. పరీక్షకు ఆలస్యమైన పిల్లాడిని తిట్టి పంపేవాళ్లం. లారీ డ్రైవర్ రెండు రాత్రులు నిద్రలేని కళ్లతో ఉంటే చలానా రాసి, బండి పక్కన పెట్టించి, రెండు గంటలు పడుకోబెట్టిన రోజులున్నాయి. అతనికి వార్నింగ్ ఇచ్చి పంపితే అది దయ కాదు.

ఇంకో రకం కూడా ఉండేది, దాచను. బండి ఆపగానే లోపలివాడు ఫోను మా చేతికిచ్చేవాడు. అవతల ఫలానా పెద్దమనిషి. "మనవాడే, చూసుకోండి." నేను కొన్నిసార్లు వదిలాను. వదిలిన ప్రతిసారీ, వెనకాల ఆగి రసీదు తీసుకుంటున్న మామూలు మనిషి అదంతా చూస్తూ నిలబడేవాడు. ఈరోజుకీ నా మనసులో మెదిలేది ఆ మనిషి ముఖమే.

మరో మాట. మన దగ్గర పోలీసు ఆపితే బండి దిగి ఆయన దగ్గరకు నడిచి వెళ్తాం. అది మర్యాద. సీట్లోనే కూర్చుని అద్దం దించితే పొగరనుకుంటాం. ఇక్కడ పూర్తిగా తలకిందులు. దిగి నడుచుకుంటూ వస్తే ఆఫీసరు చెయ్యి నడుము దగ్గరకు పోతుంది. మా అల్లుడితో పాటు కారులో ఉండగా ఒకసారి ఆపారు. నేను అలవాటుగా తలుపు మీద చెయ్యి వేశాను. "మామయ్యా, వద్దు" అని నా మోకాలు గట్టిగా పట్టుకున్నాడు. ఊరి నుంచి వచ్చే అమ్మానాన్నలకు ఈ సంగతి ముందే చెప్పి పెట్టండి.

#6 ప్లేనో_పద్మ

బాబాయ్ గారూ, ఈ మాట ప్రతి తెలుగు ఇంట్లో చెప్పాలి. రాత్రయితే లోపల లైటు వేయడం, చేతులు స్టీరింగ్ మీద ఉంచడం, కాగితాలు బ్యాగులో ఉంటే "బ్యాగులోంచి తీస్తున్నాను" అని చెప్పి తీయడం కూడా. వీటివల్ల వార్నింగ్ వస్తుందని కాదు. ఆఫీసరుకు టెన్షన్ తగ్గితే మీ మాట వినే ఓపిక మిగులుతుంది. ఇంకొకటి, పొరపాటున కూడా "ఇక్కడే కట్టేస్తాను" అని డబ్బు తీయొద్దు. మీరు మంచికే అన్నా అది లంచం కేసు అయి కూర్చుంటుంది.

#7 జెర్సీ_సత్య

మా న్యూజెర్సీలో పరిస్థితి కొంచెం వేరు. ఇక్కడ లైసెన్సు మీద పడే పాయింట్ల లెక్క. లిమిట్ మీద 14 దాకా 2 పాయింట్లు, 15 నుంచి 29 దాకా 4, 30, ఆ పైన 5. ఆఫీసరు టికెట్ ఇచ్చినా కథ అక్కడితో అయిపోదు. కోర్టులో ప్రాసిక్యూటర్‌తో మాట్లాడితే పాయింట్లు లేని కేసు కిందకు మార్చే అవకాశం ఉంటుంది. డబ్బు ఎక్కువ, పాయింట్లు లేవు. అంటే రెండో నిర్ణయం కోర్టులో జరుగుతుంది.

నన్ను బాధపెట్టేది మాత్రం ఒకటుంది. పోలీసు యూనియన్లు తమ వాళ్ల బంధువులకు, స్నేహితులకు చిన్న కార్డులు ఇస్తాయి. లైసెన్సుతో పాటు ఆ కార్డు చూపిస్తే చాలామంది ఆఫీసర్లు వార్నింగ్‌తో వదిలేస్తారు. బాబాయ్ గారు చెప్పిన ఫోన్ కాల్‌కీ దీనికీ నాకు తేడా కనిపించలేదు.

#8 లెక్కల_మాస్టారు

ఇప్పటిదాకా అందరూ అనుభవాలు చెప్పారు. ఈ విషయం మీద మంచి పరిశోధన జరిగింది, నాకు తెలిసిన రెండు చెప్తాను. రెండూ అమెరికన్ ఎకనామిక్ రివ్యూలో వచ్చినవే.

2009లో వచ్చినది మసాచుసెట్స్ గురించి. ఆ రాష్ట్రంలో కొంతకాలం టికెట్లతో పాటు వార్నింగులు కూడా నమోదు చేశారు. పరిశోధకులకు అది బంగారం లాంటిది, ఎందుకంటే వార్నింగులు మామూలుగా లెక్కలో కనపడవు. తేలిందేమిటంటే, ఆ ఊరివాడికంటే బయటి ఊరివాడికి, బయటి రాష్ట్రంవాడికి జరిమానా పడే అవకాశం ఎక్కువ. కారణం ఊహించవచ్చు. ఊరివాడు ఓటు వేస్తాడు. బయటివాడు వేయడు, పైగా కోర్టుకు రావడానికి అంత దూరం ప్రయాణం చేయలేక కట్టేస్తాడు. ఆస్తి పన్ను పెంచుకోవడానికి ఓటర్లు ఒప్పుకోని ఊళ్లలో జరిమానాలు ఇంకా ఎక్కువ.

2021లో వచ్చినది ఫ్లోరిడా హైవే పెట్రోల్ గురించి. ఫ్లోరిడాలో లిమిట్ మీద 5 మైళ్ల దాకా అయితే చట్టమే వార్నింగ్ అంటుంది, బడి దగ్గర తప్ప. ఆ పైన జరిమానా 10 మైళ్ల దగ్గర ఒక్కసారిగా పెరుగుతుంది. టికెట్లన్నీ అంకెల ప్రకారం పేర్చి చూస్తే సరిగ్గా 9 దగ్గర ఒక పెద్ద గుట్ట కనిపించింది. జనమంతా 9 ఎక్కువ నడుపుతారా? లేదు. 15 వెళ్లినవాడికి కూడా ఆఫీసరు దయ తలచి 9 అని రాస్తాడు. టికెట్‌కీ వార్నింగ్‌కీ మధ్య ఇదో మూడో మెట్టు. అయితే ఆ దయ తెల్లవాళ్లకు దొరికినంతగా నల్లజాతివాళ్లకు, హిస్పానిక్‌లకు దొరకలేదు. ఆఫీసర్లందరూ అలా చేయలేదు. కొంతమంది అందరికీ తగ్గించారు, కొంతమంది ఎవరికీ తగ్గించలేదు, ఒక భాగం మంది మనిషిని బట్టి చేశారు.

అదే ఫ్లోరిడాలో వాల్డో అనే చిన్న ఊరు స్పీడు టికెట్లకు ఎంత పేరు పడిందంటే, దారిలో జనాన్ని హెచ్చరిస్తూ వాహనదారుల సంఘం పెద్ద బోర్డు పెట్టింది. ఇన్ని టికెట్లు రాయాలని పైనుంచి కోటా పెట్టారని అక్కడి ఆఫీసర్లే బయటపెట్టాక, 2014లో ఆ ఊరు తన పోలీసు శాఖనే మూసేసింది.

#9 గోదారోడు_డాలస్

మాస్టారూ, చదివాక మనసు ఇంకా బరువెక్కింది. అంటే నేను బయటి ఊరివాడిని, పైగా నా ముఖం ఇది, అందుకే రాశాడా? మా తోడల్లుడు కూడా తెలుగువాడే, అతనూ బయటి ఊరివాడే. మరి అతన్నెలా వదిలారు? ఎటు చూసినా తేలడం లేదు.

#10 అకాడమీ_బ్యాచ్

ఒక్క టికెట్ చూసి ఎవరూ తేల్చలేరు అన్నా. వేల టికెట్లు పేరిస్తేనే ఆ గుట్ట కనిపిస్తుంది. అందుకే రికార్డు ముఖ్యం. టెక్సాస్‌లో 2017లో శాండ్రా బ్లాండ్ పేరు మీద చట్టం వచ్చింది. 2015లో ఒక చిన్న ట్రాఫిక్ స్టాప్ పెద్దదై అరెస్టయి, మూడు రోజులకు జైలు గదిలో చనిపోయిన అమ్మాయి ఆమె. ఈ చట్టం వచ్చాక టికెట్ ఇచ్చినా, వార్నింగ్ ఇచ్చినా ఆఫీసరు వివరాలు నమోదు చేయాలి. ఎందుకు ఆపారు, డ్రైవరుది ఏ జాతి, ఆపకముందే ఆ సంగతి తెలుసా, చివరికి ఏం ఇచ్చారు, ఇవన్నీ. ప్రతి డిపార్ట్‌మెంటు ఏటా లెక్క సమర్పించాలి. మీ ఊరి నివేదిక అడిగి చూడండి.

కోటా గురించి కూడా చెప్పాలి. ఇన్ని టికెట్లు రాయాలని అంకె పెట్టి ఆఫీసర్ల పనితీరు కొలవడం టెక్సాస్ చట్టం ప్రకారం నిషేధం. ఐదు వేల లోపు జనాభా ఉన్న ఊరు తన ఆదాయంలో 30 శాతానికి మించి ట్రాఫిక్ జరిమానాల డబ్బు ఉంచుకోకూడదు, మిగతాది రాష్ట్రానికి పోతుంది. అయినా స్పీడు కోసమే ప్రత్యేకంగా ఓవర్‌టైమ్ మీద నిలబెట్టిన ఆఫీసరుకీ, మామూలు గస్తీలో దారిన ఆపిన ఆఫీసరుకీ తేడా ఉంటుంది. మొదటివాడికి ఆ నాలుగు గంటలూ అదే పని. రెండోవాడికి రేడియోలో ఇంకో కాల్ వస్తే మీ వార్నింగ్ రెండు నిమిషాల్లో మీ చేతిలో ఉంటుంది. మీ తోడల్లుడికి అలా కలిసొచ్చి ఉండొచ్చు కూడా.

#11 వర్జీనియా_వాసు

టెక్సాస్ వాళ్లు వర్జీనియా మీదుగా వెళ్తే దయచేసి ఇది గుర్తుపెట్టుకోండి. ఇక్కడ లిమిట్ మీద 20 ఎక్కువ వెళ్లినా, లిమిట్ ఎంతున్నా 85 దాటినా అది మామూలు స్పీడు టికెట్ కాదు, రెక్‌లెస్ డ్రైవింగ్. క్రిమినల్ కేసు. గరిష్ఠంగా ఏడాది జైలు, 2,500 డాలర్ల జరిమానా. 2020 జూలై దాకా ఆ 85 కూడా 80గా ఉండేది. 70 లిమిట్ రోడ్డు మీద 86 వెళ్తే ఇంకో రాష్ట్రంలో వార్నింగ్‌తో పోవచ్చు, ఇక్కడ లాయరును పెట్టుకోవాలి. ఆఫీసరు తలచుకుంటే మామూలు స్పీడు కింద రాయొచ్చు, ఆ ఒక్క మాట మీద మన బతుకు మారిపోతుంది. వీసా ఫారంలో, సిటిజన్‌షిప్ ఫారంలో జవాబు చెప్పాల్సింది మనమే. నా స్నేహితుడు ఈ ఒక్క కేసు తేలేదాకా ఇండియా ప్రయాణం వాయిదా వేసుకున్నాడు. తల్లికి ఆపరేషన్ ఉన్నా వెళ్లలేకపోయాడు. పోలీసు రాడార్‌ను పసిగట్టే రాడార్ డిటెక్టర్ కూడా ఇక్కడ నిషేధమే.

#12 లెస్టర్_లత

ఇంగ్లండ్‌లో చాలావరకు కెమెరాలే. అయినా పోలీసు పెద్దల సంఘం ఒక మార్గదర్శకం పెట్టింది: లిమిట్ మీద పది శాతం, ఆ పైన ఇంకో 2 మైళ్లు. అంటే 30 రోడ్డు మీద 35 నుంచి చర్య మొదలు. 35 నుంచి 42 దాకా అయితే సాధారణంగా స్పీడు మీద అవగాహన క్లాసుకు పంపుతారు, మూడేళ్లలో ఒకసారే. ఆ పైన 100 పౌండ్లు, 3 పాయింట్లు. 50 చేరితే కోర్టు. లైసెన్సు వచ్చిన రెండేళ్లలో 6 పాయింట్లు పడితే లైసెన్సే పోతుంది. అంకెలు ముందే అందరికీ తెలుసు కాబట్టి "వాడికెందుకు, నాకెందుకు" అన్న బాధ తక్కువ. నేను ఆ క్లాసుకు వెళ్లాను. డబ్బు కట్టినదానికంటే అక్కడ కూర్చుని విన్న మూడు గంటలే నాకు ఎక్కువ గుర్తున్నాయి.

#13 ఓఆర్ఆర్_రోజూ

హైదరాబాద్‌లో ఈ ప్రశ్నే రాదు. ఎవరూ ఆపరు, ఎవరూ మాట్లాడరు. రోడ్డు పక్కన లేజర్ గన్ ఉన్న బండి, ఫోటో, తర్వాత ఫోనుకు మెసేజ్. వెయ్యి రూపాయలు, పైన 35 యూజర్ చార్జీ. ఔటర్ మీద 2023లో లిమిట్ 100 నుంచి 120 కిలోమీటర్లకు పెంచారు. ఆ సంగతి ప్రతి లేన్‌కూ వర్తిస్తుందనుకుని కుడి, ఎడమ తేడా లేకుండా నడిపే జనం రోజూ కనిపిస్తారు.

మెషిన్ రీడింగ్ ఉండటం మంచిదే. మోటారు వాహనాల చట్టం 183 సెక్షన్ కూడా ఒక్క సాక్షి కంటి అంచనా మీద శిక్ష వేయకూడదు, మెషిన్ ఆధారం ఉండాలి అంటుంది. 2021లో వచ్చిన 167ఏ రూల్ ప్రకారం కెమెరా ఉన్న చోటుకు ముందే బోర్డు పెట్టాలి, 15 రోజుల్లో నోటీసు పంపాలి. కానీ కెమెరాకు వార్నింగ్ ఇవ్వడం తెలియదు. నాన్నను ఆస్పత్రికి తీసుకెళ్తూ 20 ఎక్కువ నడిపినా, ఊరికే నడిపినా అదే ఫోటో, అదే వెయ్యి.

#14 నైట్‌డ్యూటీ_నర్స్

నేను హ్యూస్టన్‌లో ట్రామా వార్డులో పని చేస్తాను. ఇక్కడ టికెట్ గురించి అందరూ మాట్లాడుతున్నారు, నేను ఇంకో వైపు నుంచి చెప్తాను.

మా తమ్ముడు నల్గొండలో ఉంటాడు. బైకు మీద పదకొండు స్పీడు చలాన్లు పడ్డాయి. ఒక్కటీ కట్టలేదు. 2023 డిసెంబరులో టూ వీలర్లకు 80 శాతం తగ్గింపు ఇచ్చారు కదా, అప్పుడు ఒక్కసారే రెండు వేల చిల్లర కట్టేశాడు. నాకు ఫోన్ చేసి "అక్కా, అన్నీ క్లియర్" అని సంతోషంగా చెప్పాడు. ఆ పదకొండు ఫోటోలూ నాకు పంపాడు. ఒక్కదాంట్లోనూ హెల్మెట్ బకిల్ పెట్టుకోలేదు. ఆ పదకొండు సార్లలో ఒక్కసారి కూడా ఒక మనిషి వాడిని ఆపి, కళ్లలోకి చూసి మాట్లాడలేదు. నాలుగు నెలల తర్వాత 65వ నంబరు హైవే మీద డివైడర్‌కు కొట్టుకున్నాడు. బతికాడు. తొడ ఎముకలో రాడ్డు ఉంది, ఇప్పటికీ కర్ర పట్టుకుని నడుస్తాడు.

మన దేశంలో 2022లో రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారు. కేంద్రం లెక్కల్లోనే అందులో 71 శాతం అతివేగం కింద రాశారు. నేను రాత్రి డ్యూటీలో చూసే పిల్లల్లో ఎంతమందికి వారం ముందు వార్నింగ్ కాగితం అందిందో, ఎంతమందికి టికెట్ అందిందో నాకు తెలియదు. ఎవరైనా వాళ్లను ఆపి ఉంటే బాగుండేదని మాత్రం ప్రతి రాత్రీ అనుకుంటాను.

#15 రిటైర్డ్_ఎస్సై_కృష్ణా

తల్లీ, మీ తమ్ముడు త్వరగా కోలుకోవాలి. మీరు చెప్పింది నిజం. కెమెరా వచ్చాక పెద్దమనుషుల ఫోన్లు తగ్గాయి, అది మంచికే. మోటారు వాహనాల చట్టం 2019 సవరణలో, అమలు చేయాల్సిన అధికారే తప్పు చేస్తే జరిమానా రెట్టింపు అని కూడా పెట్టారు. అయితే ఆపి మాట్లాడటం కూడా తగ్గిపోయింది. పిల్లాడిని ఆపితే, "నాన్న నంబరు చెప్పు" అని ఇంటికి ఫోన్ చేసేవాళ్లం. నాన్న స్టేషన్‌కు వచ్చేవాడు. చలానాకు భయపడని పిల్లాడు దానికి భయపడేవాడు. ఆ పనికి మనుషులు కావాలి, ఇప్పుడు స్టేషన్లలో అంతమంది లేరు.

#16 గోదారోడు_డాలస్

అప్‌డేట్ ఇస్తున్నాను. తేదీకి ముందే ఆ ఊరి మున్సిపల్ కోర్టు కిటికీ దగ్గరకు వెళ్లాను. డ్రైవింగ్ సేఫ్టీ కోర్సు తీసుకుంటానని అడిగాను. 25 మైళ్ల కంటే తక్కువ కాబట్టి, గత ఏడాదిలో తీసుకోలేదు కాబట్టి ఒప్పుకున్నారు. కోర్టు ఫీజు కట్టాను. ఆరు గంటల కోర్సు. సర్టిఫికెట్, నా డ్రైవింగ్ రికార్డు కాపీ తొంభై రోజుల్లో ఇస్తే కేసు కొట్టేస్తారు. ఈ దారి తెలియనివాళ్లు నేరుగా డబ్బు కట్టేస్తారు, అప్పుడు రికార్డులోకి ఎక్కుతుంది. కట్టేముందు ఒక్కసారి కోర్టుకు ఫోన్ చేయండి.

వెనక్కి వచ్చేటప్పుడు అదే చోట కారు పక్కనున్న పెట్రోల్ బంకులో ఆపి, రోడ్డు దాకా నడిచి చూశాను. ఆ ఎత్తు దాటగానే ఎడమ పక్క నుంచి ఒక మట్టిరోడ్డు వచ్చి కలుస్తుంది. 70లో వచ్చేవాడికి అది కనపడదు. నేను నిలబడ్డ పది నిమిషాల్లో ఒక పాత ట్రాక్టరు అక్కడి నుంచి రోడ్డెక్కింది. వార్నింగ్ వచ్చిన మా తోడల్లుడికి కూడా ఫోన్ చేసి ఆ మట్టిరోడ్డు సంగతి చెప్పాను.

#17 కొత్తగా_వచ్చా

ఒక చిన్న సందేహం. నాకు పోయిన వారం వార్నింగ్ కాగితం ఇచ్చారు. అది దాచుకోవాలా, పడేయొచ్చా? ఇన్సూరెన్సు వాళ్లకు తెలుస్తుందా?

#18 అకాడమీ_బ్యాచ్

వార్నింగ్ డ్రైవింగ్ రికార్డులోకి వెళ్లదు, ఇన్సూరెన్సుకు చేరదు. కట్టాల్సిందీ ఏమీ లేదు. మీకు ఇచ్చిన డిపార్ట్‌మెంటు కంప్యూటర్‌లో మాత్రం ఉంటుంది, నేను చూసిన మూడో కారు సంగతి పైన రాశాను. కాగితం గ్లోవ్‌బాక్స్‌లో పెట్టుకోండి. దాని మీద ఏ రోడ్డు, ఎన్ని గంటలకు, లిమిట్ ఎంత అని ఉంటుంది. ఆ రోడ్డు మీద మళ్లీ వెళ్లేముందు ఒకసారి చూసుకోండి.